పేరు పెట్టి పిలిచే మనిషి

మా వకీల్ సారు పోయిన కబురు నాకు ఆర్మూరు కోర్టు వరండాలో అందింది. మా కేసు వంతు దగ్గరికొచ్చింది, సారు ఇంకా రాలేదు. ఫోను మోగింది. సారు భార్య. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. "కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు బిడ్డా. పిలిస్తే పలుకుతలేడు" అన్నది. గొంతులో ఏడుపు లేదు. పక్కింటి డాక్టరు వచ్చి చూశాడని, దవాఖానకు తీసుకుపోయి లాభం లేదన్నాడని చెప్పింది. సరిగ్గా అప్పుడే కోర్టు హాలు తలుపు దగ్గర అటెండర్ చాచా మా కేసు పిలిచాడు. కక్షిదారుల పేర్లు పిలిచి, అలవాటు కొద్దీ చివర మా సారు పేరు కూడా పిలిచాడు.

నేను లోపలికి పోయి జడ్జిగారి ముందు నిలబడి "సార్ దారిలో ఉన్నారండీ" అన్నాను. జూనియర్లు రోజూ చెప్పే మాటే. నోట్లోంచి వచ్చేశాక తలుపులోంచి వరండా మెట్ల వైపు చూశాను. జడ్జిగారూ చూశారు, చాచా కూడా చూశాడు. ఆ క్షణంలో నాకు భయం వేసింది, ఆయన రారేమోనని కాదు, ఎక్కి వస్తారేమోనని.

ఇది చదివే వాళ్ళలో ఆయన తెలియని వాళ్ళూ ఉంటారు. పాత మార్కెట్‌లో రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఒకటి ఉంది. దాని పై గదే ఆయన ఆఫీసు. కింద పసుపు కొమ్ములు కుప్ప పోసినప్పుడల్లా ధూళి మెట్లెక్కి పైకి వచ్చేది. ఫ్యాను రెక్కల మీద, ఫైళ్ళ మీద, లా పుస్తకాల అట్టల మీద పసుపే. ఆయన నల్లకోటు భుజాలు ఎంత దులిపినా పచ్చగానే ఉండేవి. కొత్త జడ్జిగారు ఎవరైనా వస్తే మొదటి రోజు ఆ భుజాలకేసి వింతగా చూసేవారు. వారం తిరిగేసరికి వాళ్ళ బల్లల మీదా కాస్త పసుపు కనబడేది.

నేను లా చదివి, హైదరాబాదులో ఏదైనా పెద్ద ఆఫీసులో చోటు దొరికేదాకా కాలక్షేపానికని ఆయన దగ్గర చేరాను. రెండు నెలల్లో పోతానని చేరిన మొదటి రోజే చెప్పేశాను. "పో బిడ్డా, ఎవరొద్దన్నరు? పొయ్యేటప్పుడు మాత్రం చెప్పి పో. చెప్పకుండ పోయినోళ్ళతోనే నాకు సరిపోతున్నది" అన్నారు. నవ్వులాటకే అన్నారని అనుకున్నాను.

భూమి తగాదాలు, హద్దు కేసులు అందరు వకీళ్ళ లాగే ఆయనా చూసేవారు. కానీ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది మాత్రం కనబడకుండా పోయిన మనుషుల కోసం. మా దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయిన వాళ్ళు మస్తు మంది. పోయిన వాళ్ళలో కొందరి నుంచి మొదట ఫోన్లు వస్తాయి, తర్వాత పండగకు ఒకటి, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఏడేండ్లు ఆ మనిషి సంగతి ఎవరికీ తెలియకపోతే, ఇక లేడనే చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ముక్క కోర్టు చేత అనిపించుకుంటే తప్ప భూమి పెండ్లాం పిల్లల పేరు మీదికి ఎక్కదు. అలాంటి దావాలు వేయడం ఆయన పని.

ఆ పనికి ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. అలాంటి ఫైళ్ళను బీరువాలో పడుకోబెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి నేను ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే ఆయనే వచ్చి అన్నీ తీసి నిలబెట్టారు. "తేలేదాక నిలబడే ఉండాలె. ముందే పండబెడితే వాళ్ళకెట్లుంటది?" అన్నారు. బీరువా తెరిచే ముందు వేలితో తలుపు మీద చిన్నగా కొట్టేవారు. ఎందుకు సార్ అంటే "గంతమంది నిలబడ్డ గదిలకు చెప్పకుండ పోతమా?" అనేవారు. మొహంలో నవ్వుండేది కాదు. ఆఫీసు కిటికీలోంచి మా ఊరి గుట్ట కనిపిస్తుంది. నల్లటి బండలు, ఎవరో కూర్చుని కూర్చుని అట్లాగే ఉండిపోయినట్టు. ఒక మధ్యాహ్నం నేను వాటిని చూస్తూ కూర్చుంటే వెనకనుంచి "గవి కదలవనుకుంటున్నవా?" అన్నారు. "రాళ్ళు కదా సార్" అన్నాను. "నువ్ చూస్తున్నప్పుడు కదలవు" అని టీ సాసర్లో పోసుకున్నారు. చాలా రోజులు ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

ఆయన అసలు పద్ధతి మాత్రం పిలవడం. దావా వేసేముందు, ఆ మనిషి తన వాళ్ళకు చివరిసారి కనబడిన చోటికి పోయి పేరు పెట్టి పిలిచేవారు. చాలామందికి ఆ చోటు ఆర్మూరు బస్టాండే. పట్టపగలు, జనం మధ్యన, నల్లకోటు వేసుకుని, కోర్టులో ఎన్నడూ వినని గొంతుతో అరిచేవారు. ఆయన తర్వాత ఇంటివాళ్ళు పిలవాలి. పిలిచాక అందరూ ఊరుకుని వినాలి. "కోర్టు పిలిచే ముంగట మనం పిలవాలె. లేడని రాసుడు అలకటి పని కాదు" అనేవారు.

బస్టాండులో మిర్చి బజ్జీలు వేసే ఆయన మమ్మల్ని చూడగానే స్టవ్ తగ్గించేవాడు. "ఇయ్యాల ఎవరు సారూ?" అనేవాడు. "పెద్దగ ఏమున్నది, గీ పిల్లగాని బాపు" అనేవారు సారు, పక్కింటికి పోయిన మనిషి గురించి అన్నట్టు. బజ్జీల ఆయన నాతో మెల్లగా "మేడం, ఎవడన్న పలికితే మీరు ఉరుకుతరా, నన్ను ఉరుకుమంటరా? ముందే చెప్పున్రి, స్టవ్ బంజేస్త" అనేవాడు.

ఒకసారి అట్లా పిలిస్తే ఒకాయన పలికాడు కూడా. నేను చేరకముందు సంగతి, చాచా చెప్పాడు. సారు పిలిచిన పేరుకు, బస్సు మారడానికి దిగిన ఒక గడ్డపాయన గిర్రున తల తిప్పాడు. తిప్పి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు అటు చూశాడు. అప్పటికే సారుతో పిలవడానికి వచ్చిన అతని తమ్ముడు గుర్తుపట్టాడు. ఆ మనిషి ఎప్పుడో తిరిగొచ్చి, ఇంటికి పోవడానికి ముఖం చెల్లక, గోదావరి అవతల వేరే పేరుతో బతుకుతున్నాడట. సారు ఆయన భుజం మీద చెయ్యి వేసి టీ తాగించారట. నేను ఈ కథ నమ్మకుండా మొహం పెడితే సారు అన్నారు: "ఊరు మార్చుకుంటడు, పేరు మార్చుకుంటడు. పిలిస్తే తల తిప్పుడు మాత్రం మనిషి చేతిల ఉండదు బిడ్డా."

గంగమణి మా ఆఫీసు మెట్లెక్కింది పోయిన వానాకాలంలో, ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని. కమ్మర్‌పల్లి దగ్గర ఊరు. భర్త మస్కట్ పోయి, కబురు లేకుండా ఏడేండ్లు దాటింది. భూమి భర్త పేరు మీద ఉంది, పసుపు వేసింది, కలుపు తీసింది అంతా ఆమె. కానీ మరిది అడ్డం తిరిగాడు. అన్న బతికే ఉన్నాడట, వచ్చేదాకా భూమి తను చూసుకుంటాడట, ఈసారి పసుపు తనే తవ్వుకుంటాడట.

నేను వివరాలు రాసుకుంటూ "మీ ఆయన పేరేందమ్మా?" అన్నాను.

గంగమణి కూతురి వైపు చూసింది. "నర్సయ్య" అన్నది ఆ పిల్ల.

"అమ్మనే చెప్పాలె. రేపు కోర్టులో ఆమెనే అడుగుతరు."

"మా అమ్మ నాయిన పేరు ఎన్నడు నోటితోని అనలే మేడం. అంటే ఆయుష్షు తగ్గుతదంట."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. గంగమణి నన్ను నిమ్మళంగా చూసింది. "సదువుకున్నదానివి, నవ్వుతవ్ వకీలమ్మా. ఇన్నేండ్ల సంది ఆయన్ను బతికిస్తున్నది ఎవరనుకున్నవ్? నేను పేరు తియ్యకపోవట్టే ఉన్నడు."

సారు తల ఊపారు. "కరెక్టే" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆమె వెళ్ళిపోయాక అడిగాను: భర్త లేడని దావా వేసే మనిషి, ఉన్నాడని నమ్ముతూ ఎట్లా సాక్ష్యం చెబుతుంది? సారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ "ఆమెతో లేడని ఎవరు చెప్పిస్తున్నరు? ఎవరికీ కబురు లేదని చెప్తది, అది నిజమే. లేడని కోర్టు అంటది. చంపుడు ఆమె మీద పెట్టద్దు" అన్నారు. ఇన్నేండ్ల చట్టం చదువులో నాకు ఎవరూ చెప్పని సంగతి అది. చంపే మాట ఎవరి నోటితో అనిపించాలో చూసుకోవడమే ఆ దావాల్లో సగం పని.

నర్సయ్య చివరిసారి కనబడింది కమ్మర్‌పల్లి రోడ్డు మీద, బస్సు ఆగే చోట. ఒక మధ్యాహ్నం మేము అక్కడికి పోయాం. ఎండ ఉంది, గాలి లేదు. రోడ్డు పక్క పసుపు చేన్లు మనిషి నడుమెత్తు ఆకుతో కదలకుండా నిలబడ్డాయి. ఆటోవాళ్ళు గుమిగూడారు. ఒకడు "సారూ, ఆయన మస్కట్‌ల ఉంటే ఈడ గింత గట్టిగ ఒర్లితే ఇనబడతదా? ఫోన్ చెయ్యున్రి" అన్నాడు. "ఫోన్ ఎత్తకుంటెనే గదరా గీడిదాక వచ్చింది. జర నోరు మూస్తవా, వాడు పలికితే నీ లొల్లిల ఇనబడదు" అన్నారు సారు. అందరూ నవ్వారు. ఆయన గొంతు ఎత్తగానే నవ్వు ఆగిపోయింది.

సారు పిలిచారు. కూతురు "నాయినా" అని పిలిచింది. గంగమణి కొంగు పండ్ల మధ్య పెట్టి కరిచి పట్టుకుంది.

తర్వాత ఊరుకుని విన్నాం. చేనులో ఒక్క ఆకు కూడా కదల్లేదు. అప్పుడు సారు తల తిప్పారు. రోడ్డు వైపు కాదు, చేను వైపు. అక్కడెవరూ లేరు. ఆ వైపు చూస్తూ, ఇంట్లో అన్నానికి పిలిస్తే అన్నట్టు, "ఆఁ, వస్తున్న" అన్నారు.

ఆటోవాళ్ళు మెల్లగా తమ ఆటోల దగ్గరికి పోయారు. గంగమణి కొంగు వదిలింది. "ఎవరికి చెప్పిండ్రు సారూ?"

"తెల్వదు" అన్నారు ఆయన. నిజంగానే తెలియనట్టుంది. కాసేపు తన అరచేతులు చూసుకున్నారు. తర్వాత ఆమెకు దగ్గరగా పోయి మాట్లాడారు. "గంగమణీ, నేనున్నంతదాక కోర్టుల నీతోని పేరు చెప్పియ్యనియ్య. కానీ ఒక్కమాట యాదికి పెట్టుకో. ఎవరికో చెప్తే పేరు అరుగుతది బిడ్డా. ఆయన్నే పిలిస్తే ఎట్ల అరుగుతది?"

"పలుకకపోతే?"

"పలుకలేదని తెలుస్తది. అంతకంటే నీకు అబద్ధం చెప్పలేను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఉండబట్టలేక "సార్, ఇందాక మీకేం వినబడింది?" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ "నిన్నెవరన్న పిలిచిన్రా?" అన్నారు. లేదన్నాను. "మరింకేం ఫికర్. పండుకో" అన్నారు. ఆ చలికాలంలోనే ఆయన కుర్చీలో కూర్చుని పలకకుండా పోయారు.

ఆయన ఇంటి ముందు ఆ రోజు వచ్చిన జనాన్ని చూస్తే వకీళ్ళకే ఆశ్చర్యం వేసింది. ఆఫీసు కింది అడ్తి దుకాణంలో కాంటా ఆపేశారు. హమాలీలు బస్తాలు మోసే గోనెపట్టాలు భుజం మీద అలాగే వేసుకుని వచ్చారు. వాళ్ళ వెనక ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు. ఎక్కువ మంది ముసలివాళ్ళు. ఏడుస్తూ వచ్చి ఏడుస్తూ పోతారనుకున్నాను. కానీ ఒక ముసలామె పాడె పక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో గొణిగింది. లేచి పోయింది. ఆమె వెనక ఇంకొకామె అలాగే వంగింది. నేను అమ్మ పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు వినబడింది. వాళ్ళు చెబుతున్నవి పేర్లు. ఒక్కొక్కరూ తమ మనిషి పేరు, ఊరి పేరు, తండ్రి పేరు. ఒకామె "ఎడమ కాలు కుంటుతడు సారూ, గుర్తుపడతవ్" అన్నది. ఇంకొకామె కొడుకు చొక్కా రంగు చెప్పింది. ఎవరూ వాళ్ళను ఆపలేదు. అమ్మ మాత్రం ఆయన తలను జర ఆ పక్కకు సర్ది పెట్టింది, వినడానికి వీలుగా.

గంగమణి కూడా వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. "దగ్గరికి పోతవా?" అని అడిగితే "నాకేం పని? మా ఆయన ఆడ లేడు" అన్నది. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో, పొద్దుగూకేదాకా అక్కడే నిలబడి ఉంది.

ఆమె సాక్ష్యం రోజు తొందరగానే వచ్చింది. వాయిదా అడుగుదామన్నాను, నాకు ధైర్యం లేక. ఆమె ఒప్పుకోలేదు. "మా మరిది చేనుకు ఒక కొసన ఆకు కోసిండు వకీలమ్మా. ఆకు కోస్తే తవ్వుడే మిగిలింది. నువ్వు వాయిదా అంటే వాడు గడ్డపార అంటడు" అన్నది. ఆ భూమి ఇప్పుడు ఆమె పేరు మీదికి ఎక్కుతున్నది, తీర్పు పోయిన వారమే వచ్చింది. తీర్పు కాగితంలో రాయనిది ఒకటి ఆ రోజు హాలులో జరిగింది. సారు ఉండి ఉంటే ఆయనే చూసేవారు. లేరు కాబట్టి నేను చెబుతున్నాను.

మరిది తరపు వకీలు మా సారు ముందు ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి. ఆ రోజు లేచి మొదటే అడిగాడు: "నీ భర్త పేరేంటి?"

గంగమణి కొంగు కొస పండ్ల మధ్య పెట్టుకుంది. ఆయన హాలు వైపు తిరిగి నవ్వాడు. "మొగని పేరు చెప్పరాదట. ఆ మొగడు లేడని చెప్పనీకి మాత్రం వచ్చిందట." ఆయన వెనకే బెంచీలో కూర్చున్న మరిది కూడా నవ్వాడు. నేను లేచి, ఆనవాయితీ కొద్దీ చెప్పదు, కాగితాల్లో పేరుంది, సాక్షికి చూపించి అవునో కాదో అడగొచ్చు అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినబడింది. జడ్జిగారు "చిన్న ప్రశ్నే కదమ్మా, చెప్పేయండి" అన్నారు. అవతలి వకీలు "చెప్పడం లేదని రికార్డు చేయండి సార్" అన్నాడు. అది రికార్డయితే ఈ దావా అక్కడే సగం పోయినట్టు. నేను గంగమణిని చూశాను. ఏమీ చెప్పలేను, సాక్షికి సైగ చేసినా తప్పే.

ఆమె జడ్జిగారి వైపు నుంచి తిరిగింది. బోను ముందరి కట్టెను రెండు చేతులతో పట్టుకుని, హాలు ఈ కొస నుంచి ఆ కొసన తెరిచి ఉన్న తలుపు వైపు మొహం పెట్టి నిలబడింది. ఆమె ఎద పొంగడం నాకు కనిపించింది.

"నర్సయ్యా!" అని పిలిచింది. "ఓ నర్సయ్యా!"

చేను ఆవలి గట్టు మీద ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు, కొస సాగదీసి పిలిచింది. ఇన్నేండ్లు లోపల దాచిన గొంతంతా వచ్చినట్టుంది. హాలులో ప్రతి తలా తలుపు వైపు తిరిగింది. అందరికంటే ముందు తిరిగింది మరిది తల. అన్న బతికే ఉన్నాడని ఊరంతా చెప్పుకున్న మనిషి, బెంచీ అంచు పట్టుకుని, తెల్లబోయిన మొహంతో తలుపు చూస్తున్నాడు. తన వకీలు చొక్కా లాగుతున్నా తెలియడం లేదు.

జడ్జిగారు కలం ఎత్తి పట్టుకుని ఉండిపోయారు. ఎవరూ చెప్పకుండానే హాలంతా ఊరుకుని విన్నది. సారు బస్టాండుల్లో మా అందరి చేత చేయించిన పని అదే కదా, పిలిచాక వినడం. వరండాలో ఎండ తెల్లగా పడి ఉంది. గంగమణి కట్టె వదలకుండా, కళ్ళు ఆర్పకుండా చూస్తూనే ఉంది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఎప్పుడు దిగడం మొదలైందో నాకు తెలియలేదు, పూర్తిగా దిగాక తెలిసింది.

"ఎవరైనా వచ్చారా?" అని జడ్జిగారు చాచాను అడిగారు, చాలా చిన్నగా.

"ఎవరూ రాలేదు సాబ్" అన్నాడు చాచా.

కానీ ఎప్పుడూ తలుపు నడుమ నిలబడే ఆయన, అప్పటికే పక్కకు జరిగి, వీపు గోడకు ఆనించి, కడుపు లోపలికి పీల్చుకుని నిలబడి ఉన్నాడు, తొందరగా లోపలికి వస్తున్న మనిషికి దారి ఇచ్చినట్టు. కోర్టు లేచేదాకా మళ్ళీ ఆ నడుమకు రాలేదు.